రెండు నిమిషాల గొంతు

ఆవకాయ లేకుండా మేఘన వదిన పెరుగన్నం తినదు. సాయి కిరణ్‌కి పెరుగన్నంలో పచ్చిమిర్చి ముక్క పంటికి తగిలితే చాలు, ఆ పూటంతా మొహం అదోలా పెడతాడు. అందుకని ఇద్దరికీ వేరువేరుగా కలిపి, క్యారేజీ అడుగు గిన్నెలో పప్పూ అన్నం సర్ది, బాపట్లలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి తెనాలిలో దిగుతాను. అయిదు రోజులుగా ఇదే పని. అత్తయ్యకి న్యుమోనియా ముదిరింది. ఊపిరి అందక, నోట్లో గొట్టం వేసి, మత్తులో ఉంచి, వెంటిలేటర్ పెట్టారు. నా భర్తా, ఆయన అక్క మేఘన వదినా ఆసుపత్రి దగ్గర గది తీసుకున్నారు. నేను వండి తెస్తాను. పగలంతా ఐసీయూ బయట బెంచీ మీద సంచులకి కాపలా కూర్చుంటాను. సాయంత్రం వాళ్ళ మాసిన బట్టలు మూటగట్టుకుని వెనక్కి పోతాను.

లోపలికి వెళ్ళడానికి పూటకి ఒక్కరికే పాసు, అదీ పది నిమిషాలు. పొద్దున సాయి కిరణ్, సాయంత్రం వదిన. "నువ్వెళ్ళి ఏం చేస్తావు చందనా, లోపల ఏడవకూడదంట" అంది వదిన మొదటి రోజే. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో నేను ఏడవగా చూసినవాళ్ళు లేరు. అత్తయ్య ఎడమ పక్కకి తిరిగితే దగ్గు ఎక్కువవుతుందనీ, కుడి చెవి కాస్త మందమనీ, కాళ్ళ మీద దుప్పటి ఉంటే ఉక్కిరిబిక్కిరవుతుందనీ నాకు తెలుసు. అడిగినవాళ్ళు లేరు కాబట్టి తెలిసినదంతా నా దగ్గరే ఉండిపోయింది.

నాలుగో రోజు హర్షిణి అనే అమ్మాయి ఫైలు పట్టుకుని మా దగ్గరికొచ్చింది. నర్సే గానీ, అక్కడ మత్తు డాక్టరు గారు చేస్తున్న పరిశోధనకి పనిచేస్తోంది. "మత్తు తగ్గించేటప్పుడు కొందరు పెద్దవాళ్ళు బాగా కంగారుపడిపోతారండి. ఎక్కడున్నారో తెలీదు, గొట్టాలు పీకేసుకుంటారు. అప్పుడు మళ్ళీ మత్తు ఇవ్వాలి. మిషను మీద ఇంకో నాలుగు రోజులు. ఇంట్లోవాళ్ళ గొంతు రికార్డు చేసి చెవిలో వినిపిస్తే ఆ కంగారు తగ్గుతుందేమో అని చూస్తున్నాం. రోజూ ఆవిడతో ఎక్కువ మాట్లాడేది ఎవరండీ?"

సాయి కిరణ్ వదిన వైపు చూశాడు. వదిన పొన్నూరులో ఉంటుంది, నెలకొకసారి వస్తుంది. సాయి కిరణ్ ఎరువుల కొట్టు నుంచి ఇంటికొచ్చి టీవీ పెట్టుకుంటాడు. ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు, వంటింట్లో చీపురు ఎక్కడుందో అప్పుడే గుర్తొచ్చినట్టు.

నా గొంతు కావాల్సొచ్చింది. మాది రేపల్లె దగ్గర పల్లె. మా బడిలో మైకు లేదు. చివరి వరస దాకా వినపడుతుందని మాస్టారు రోజూ వార్తలు నా చేతే చదివించేవారు. కాపురానికి వచ్చిన వారానికే అత్తయ్య అంది, "ఏంటమ్మాయ్ ఆ గొంతు, వీధిలోకి వినపడుతోంది, కాస్త తగ్గించు." తగ్గించాను. ఫోనులో అమ్మతో మాట్లాడితే తగ్గించాను, పాలవాణ్ణి పిలిస్తే తగ్గించాను. ఒకరోజు గేటు దగ్గర పాము కనబడితే కూడా చిన్నగానే చెప్పాను. సాయి కిరణ్ స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పేవాడు, మా ఆవిడ ఇంట్లో ఉన్నట్టే తెలీదురా అని.

ఫారంలో ఒక ప్రశ్న దగ్గర అందరం ఆగిపోయాం. పేషెంటును ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారు?

"అమ్మా అంటాం" అన్నాడు సాయి కిరణ్.

"అది కాదండి, పేరు. మత్తులో ఉన్నవాళ్ళు సొంత పేరుకి త్వరగా పలుకుతారు."

"ఆధార్‌లో కనకదుర్గ."

"అలా ఎవరన్నా పిలుస్తారా?"

ఎవరూ పిలవరు. పిల్లలకి అమ్మ, నాకు అత్తయ్య, వీధికి సాయి వాళ్ళమ్మ. "నాన్న ఉన్నప్పుడు ఒసే అనేవాడు. ఒసే అని రికార్డు చెయ్యమంటావా ఏంటి?" అని వదిన నవ్వింది. హర్షిణి కూడా నవ్వబోయి ఆపుకుంది.

"దుర్గీ అండి" అన్నాను నేను.

ముగ్గురూ చూశారు. ఓ మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్తయ్యే చెప్పింది. దుగ్గిరాలలో వాళ్ళ నాన్న పసుపు ఆరబోసుకుంటూ, వాన మబ్బు పడితే చేలోంచే దుర్గీ అని కేక వేసేవాడట. ఆయన పోయాక ఆ పేరు ఇంక ఎవరి నోటా రాలేదంది. చెప్పి, ఒలిచిన గింజల పళ్ళెం నా వైపు తోసి లేచిపోయింది.

"కోడలు అత్తని పేరు పెట్టి పిలుస్తుందా? రేపు లేచాక మా అమ్మ నిన్ను నమిలేస్తుంది" అన్నాడు సాయి కిరణ్. అని, కొడుకు కాబట్టి కాగితం మీద తనే సంతకం పెట్టాడు.

మందుల గదిలో తలుపు ఓరగా వేసి హర్షిణి ఫోను నా నోటి దగ్గర పట్టుకుంది. రెండు నిమిషాలు చాలు. మీరు ఆసుపత్రిలో ఉన్నారు, భయం లేదు, నోట్లో గొట్టం ఊపిరి కోసమే, మేమందరం బయటే ఉన్నాం. అంతే చెప్పాలి. మొదటిసారి సగంలో మాటలు మర్చిపోయాను. రెండోసారి అత్తయ్యా అనే మొదలుపెట్టాను. "అబ్బ, ఇంత చిన్న గొంతేంటే నీది, పైకి మాట్లాడు, కాస్త నవ్వుతూ చెప్పు" అన్నాడు గుమ్మంలోంచి సాయి కిరణ్. మూడోసారి కళ్ళు మూసుకుని దుర్గీ అన్నాను. తప్పు చేసినట్టూ ఉంది, ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టూ ఉంది. ఆ సాయంత్రం రైల్లో బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని, ఈ పాటికి నా మాట ఆవిడ చెవిలో ఉంటుంది అనుకున్నాను. కుడి చెవి కాకుండా ఎడమ చెవికి పెట్టమని చెప్పడం మర్చిపోయానే అని ఒకటే బాధ.

మర్నాడు హర్షిణి కనబడగానే అదే చెప్పాను. ఆ అమ్మాయి ఇబ్బందిగా చూసింది.

"అక్కా, మీ అత్తయ్యకి వినిపించడం లేదు. సగం మందికి వినిపిస్తాం, సగం మందికి హెడ్‌ఫోన్ పెడతాం గానీ అందులో ఏమీ రాదు. రెండూ పోలిస్తేనే కదా తేడా తెలిసేది. ఎవరు ఎటన్నది కంప్యూటర్ చెప్తుంది."

"మరి నా మాట?"

"మా దగ్గర భద్రంగా ఉంటుంది."

అత్తయ్య చెవులకి రోజుకి ఎనిమిదిసార్లు హెడ్‌ఫోన్ పెట్టి, అందులో ఏమీ వినిపించరు. "పోనీ మమ్మల్ని తీసెయ్యండి ఇందులోంచి" అన్నాను. అలా తీసెయ్యొచ్చట, ఎప్పుడైనా. కానీ సంతకం పెట్టినవాళ్ళు చెప్పాలట. సాయి కిరణ్‌ని అడిగాను. "డాక్టరు గారికి మాటిచ్చి ఇప్పుడు కాదంటే ఏం బావుంటుంది? అయినా నీ రెండు నిమిషాల మాటతో లేచి కూర్చుంటుందా?" అన్నాడు. నిజమే, లేచి కూర్చోదు. మందు పనిచేస్తుందో లేదో, మత్తు తగ్గిస్తే ఏమవుతుందో, దేని మీదా నా చెయ్యి లేదు. హర్షిణి మీద కోపం కూడా రాలేదు. వెళ్ళబోతూ ఆ అమ్మాయే వెనక్కి తిరిగి, "లోపలికి వెళ్ళినప్పుడు నోటితో ఏం మాట్లాడుకున్నా మేం అడ్డం కాదక్కా" అంది.

"కనకదుర్గ గారి తాలూకా ఎవరండీ?" గార్డు కేకేశాడు. సాయి కిరణ్ ఫోనులో ఎవరికో యూరియా గురించి చెబుతున్నాడు. నేను లేచి వెళ్ళి పాసు తీసుకుని మెడలో వేసుకున్నాను. వెనక నుంచి ఏదో అన్నాడు. తలుపు మూసుకుంది.

అత్తయ్య చిన్నదైపోయింది. చేతులు రెండూ మంచం కమ్మీలకి మెత్తటి గుడ్డతో కట్టేసి ఉన్నాయి. కాళ్ళ మీద దుప్పటి తీసేశాను. ఎడమ చెవి వైపు వంగి, "దుర్గీ" అన్నాను. మిషను ఊపిరి పోస్తూనే ఉంది. ఇంకాస్త పైకి అన్నాను. రెప్ప కూడా కదల్లేదు. ఇల్లు బాగానే ఉంది, అందరం బయటే ఉన్నాం అని చెప్పబోయాను. నోరు వేరే మాట మాట్లాడింది. "మీ మీద నాకు చాలా కోపముందత్తయ్యా. పదకొండేళ్ళ కోపం. మీరు ఇలా పడుకుంటే ఎవరితో దెబ్బలాడను? ఆ ఇంట్లో నాతో మాట్లాడేది మీరొక్కరే కదా." స్క్రీను మీద అంకెలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కట్టిన చేతిని నా రెండు చేతుల్లో పెట్టుకున్నాను. చల్లగా ఉంది. నర్సు వచ్చి, టైమైపోయిందమ్మా అంది.

బయట సాయి కిరణ్ నిలబడి ఉన్నాడు. "ఏమన్నా పలికిందా?"

"లేదండి."

"చెప్పాగా. ఇటివ్వు, సాయంత్రం అక్క వెళ్ళాలి" అని పాసు కోసం చెయ్యి చాపాడు.

"సాయంత్రం కూడా నేనే వెళ్తాను" అన్నాను. "ఇంకా మొదలే పెట్టలేదు నేను."