పేరు మోసిన సంచి

నేను ఒక ల్యాప్‌టాప్ సంచిని. నల్లటి గుడ్డ, రెండు జిప్పులు, భుజాన వేసుకోవడానికి ఒక పట్టీ. తిరుప్పూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో నాలాంటివాళ్ళం మూడు వేలమందిమి ఒకే వారంలో పుట్టాం. చివర్లో ఒక మిషను నా ముఖం మీద తెల్లదారంతో ఒక విదేశీ బ్యాంకు పేరు కుట్టింది. అప్పటినుంచి నన్నెవరూ సంచిగా చూడలేదు. పేరుగానే చూశారు.

హైదరాబాదులో ఆ బ్యాంకు ఆఫీసు వార్షికోత్సవం నాడు మమ్మల్ని పంచిపెట్టారు, పర్మనెంటు ఉద్యోగులకు మాత్రమే. నేను అనూరాధ అనే ఆవిడ వంతుకు వచ్చాను. నెల్లాళ్ళు ఆమె బల్ల కింద కాళ్ళ దగ్గరే పడి ఉన్నాను. పక్క కుర్చీలో యాదగిరి కూర్చునేవాడు. ఇద్దరి పనీ ఒకటే. ఖాతాదారుల ఫారాల్లో సంతకాలూ చిరునామాలూ సరిపోలాయో లేదో చూడటం. ఆమెకు జీతం బ్యాంకు ఇచ్చేది. అతనికి మాత్రం మనుషుల్ని సరఫరా చేసే ఒక ఏజెన్సీ ఇచ్చేది. అందుకే అతనికి సంచి రాలేదు.

"నాకు ఇంట్లో ఇలాంటివి మూడున్నాయి యాదగిరి గారూ, ఇది మీరు తీసుకెళ్ళండి," అందామె ఒక సాయంత్రం. అతను రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి తీసుకున్నాడు.

యాదగిరిది భువనగిరి. అక్కడి ఒక చిన్న సహకార బ్యాంకులో ఏడేళ్ళు అప్పుల కాగితాలు పరిశీలించాడు. రైసు మిల్లుకు వెళ్ళి బస్తాల వరసలు ఒక్కసారి చూసి వస్తే చాలు, యజమాని చెప్పినదాంట్లో ఎంత నిజమో పసిగట్టేవాడు. ఆ పని వచ్చుకదా అన్న ధైర్యంతో హైదరాబాదు కంపెనీలకు దరఖాస్తులు పెట్టాడు. ఒక్కరూ పిలవలేదు. "పేరున్న చోట రెండేళ్ళు కూర్చో, పనేదైనా సరే," అని ఎవరో చెబితే, మియాపూర్‌లో గది తీసుకుని ఈ సంతకాల పనిలో చేరాడు. భార్య మంజుల భువనగిరిలోనే ఒక బడిలో లెక్కలు చెబుతూ ఉండిపోయింది.

నేను భుజానికెక్కాక గది యజమాని "ఏం యాదగిరీ" నుంచి "ఏం సార్"కు వచ్చాడు. బస్సులో పక్కవాడు నా ముఖం చదివి, కాస్త జరిగి చోటిచ్చేవాడు. మొదట్లో యాదగిరి సిగ్గుపడి పేరున్న వైపు ఒంటికి ఆనించి వేసుకునేవాడు. కొన్నాళ్ళకు అది మానేశాడు.

రెండేళ్ళు నిండిన నెలలో కొత్త బయోడేటా తయారుచేసుకున్నాడు. పైన బ్యాంకు పేరు పెద్దక్షరాల్లో పెట్టాడు. ఏజెన్సీ పేరు ఎక్కడా లేదు. సహకార బ్యాంకులో ఏడేళ్ళు అట్టడుగున రెండు వరసల్లో ఇమిడిపోయాయి. ఆ రోజే మంజులకు ఫోన్లో చదివి వినిపించాడు.

"జీతమిచ్చేటోళ్ళ పేరు రాయలేదేంది?" అంది ఆమె.

"పనిచేసింది బ్యాంకులనే కద. ఆ ఏజెన్సీ పేరు రాస్తే ఎవరు పిలుస్తరు మంజులా?"

"నీ ఇష్టం," అంది.

పది రోజుల్లో బంజారాహిల్స్‌లోని ఒక రుణ సంస్థ పిలిచింది. ఇంటర్వ్యూ చేసినాయన బయోడేటాలో పై వరస దాటి కిందికి రాలేదు. ఆ బ్యాంకు పద్ధతుల గురించే అడిగాడు, తనే సగం జవాబులు చెప్పుకుని తలూపాడు. ఆ ఏడేళ్ళ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఉద్యోగం వచ్చింది. మంజుల బడి మానేసి సామానుతో వచ్చేసింది. యాదగిరికి మళ్ళీ మిల్లులకు వెళ్ళే పని దొరికింది. ఆ ఏడు వారాలు అతను నన్ను భుజాన వేసుకుని గబగబా నడిచేవాడు.

ఎనిమిదో వారం హెచ్.ఆర్. ఆవిడ పిలిచింది. నేను అతని ఒడిలో ఉన్నాను.

"మీ గురించి మేం అడిగితే, ఆ పేరు గలవాళ్ళెవరూ తమ రికార్డుల్లో లేరని బ్యాంకు వాళ్ళు రాశారండీ."

అతను ఏజెన్సీ సంగతంతా చెప్పాడు. జీతం చీటీలు చూపించాడు. ఆవిడ ఓపిగ్గా చూసింది.

"మీరు అక్కడ పనిచేయలేదని నేననను. కానీ మీరు రాసిందీ వాళ్ళు చెప్పిందీ సరిపోలలేదు. అలా వస్తే ఉంచుకోకూడదని మా రూలు."

"ఏజెన్సీ పేరు రాసుంటే నన్ను పిలిచేవాళ్ళా మేడం?"

ఆవిడ కాగితాలు సర్దుకుంది. "పిలిచేవాళ్ళం కాదు," అంది మెల్లగా.

ఇంటికొచ్చి చెప్పినప్పుడు మంజుల స్టవ్ ఆర్పి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ నెలాఖరుకు భువనగిరి చేరారు. బడిలో ఆమె చోటు నిండిపోయింది. ఇంకో బడిలో ఒకటో తరగతి ఇచ్చారు. సహకార బ్యాంకులో ఖాళీ ఉందని తెలిసి యాదగిరి అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు. ఆయన కళ్ళు ముందు నా మీద పడ్డాయి.

"గంత పెద్ద బ్యాంకుల చేసినోనివి, మళ్ల గిక్కడికెందుకొస్తున్నవ్?"

యాదగిరి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"పేరు రాసుట్ల తేడా అయితే తీసేస్తరా? ఇంకేదో చేసినవ్, దాస్తున్నవ్," అన్నాడాయన. కోపంగా కాదు, జాలిగా అన్నాడు.

మనుషుల దగ్గర నాకు అర్థం కానిది ఇదే. పేరు చూసి ఎంత తొందరగా నమ్ముతారో, అదే పేరు చూసి అంత తొందరగానూ అనుమానిస్తారు. పేరు మోస్తున్న మనిషిని మాత్రం రెండుసార్లూ చూడరు.

తర్వాత యాదగిరి పేరున్న వైపు మళ్ళీ ఒంటికి ఆనించి నన్ను వేసుకుని, తననెవరూ ఎరగని జనగామ వెళ్ళాడు. అక్కడ ఒక ఆడిటర్ ఆఫీసులో గుమాస్తా కావాలన్నారు. ఆడిటర్ వయసు మళ్ళిన మనిషి. అద్దాలు సవరించుకుని అడిగాడు.

"ఇంతకుముందు ఏడన్న పనిచేసినవా?"

యాదగిరికి ముప్పై ఆరేళ్ళు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. అతని వేళ్ళు నా పట్టీని గట్టిగా పట్టుకున్నాయి.

"లేదు సార్," అన్నాడు.

"అయితే మొదటి నుంచి నేర్చుకోవాలె."

"నేర్చుకుంట సార్."