దొరికిన గొంతు

కారే కుళాయి కింద బకెట్ మళ్ళీ నిండింది. పారబోద్దామని వంగినప్పుడు సబ్బుపెట్టె వెనక కూతురి ఫోను కనిపించింది. మరిచిపోయి వదిలేసినట్టు లేదు. గోడకి ఆనించి, పైన మసిగుడ్డ కప్పి, పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టి ఉంది. గుడ్డ ఎత్తితే తెర మీద ఎర్రటి గుర్తు వెలుగుతోంది. అవతల ఎవడున్నాడు? తన వంటిల్లు వినాల్సిన పని ఎవడికుంది? ఫోను ఎలా ఉందో అలాగే పెట్టేసి, ఆమె ఏమీ ఎరగనట్టు కూర కలిపింది.

అనుమానం ఆమెకి కొత్త కాదు. పిల్ల కాస్త ఆలస్యమైతే చాలు, ఆసుపత్రి మెట్ల దాకా వెళ్ళి వచ్చేసే మనసు ఆమెది. ఈ మధ్య మాత్రం కారణాలు వెతుక్కోవాల్సిన శ్రమ లేకుండా పోయింది. పిల్ల బాత్రూములో గడియ పెట్టుకుని సన్నగా ఏదో గొణుగుతోంది. కంచం ముందు కూర్చుని, చెవుల్లో ఏవో దూర్చుకుని, ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ వింటోంది. అన్నిటికీ మించి, తను వంటింట్లోకి వెళ్తే వెనకే వస్తోంది. పుట్టి బుద్ధెరిగాక గ్లాసు కడగడానికైనా అటు రాని పిల్ల! "ఏంటే, ఏం కావాలి?" అంటే, "ఏం లేదమ్మా, నీ పని నువ్వు చేసుకో. మాట్లాడుతూ చేసుకో" అంటుంది. మాట్లాడుతూ చేసుకోమని ఈ ఇంట్లో ఆమెతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. కాపురానికొచ్చిన కొత్తలో గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తే, "మగవాళ్ళు తిరిగే ఇల్లు, ఆ గొంతేంటమ్మా?" అంది అత్తగారు. ఆవిడ పోయాక ఆ పని భర్త అందుకున్నాడు: "టీవీ వినపడి చావట్లేదు, నీ నస కాసేపు ఆపు." అలా రాగం పోయి జాగ్రత్తలు మిగిలాయి. తలుపేసుకో. చేరగానే ఫోన్ చెయ్యి. చీకటి పడకముందే వచ్చెయ్. అవీ ఎవరూ వినరు. వినని మాటలు ఇప్పుడు హఠాత్తుగా కావలసి వచ్చాయంటే దాని వెనక ఏదో ఉంది.

ఆ ఏదో ఏమిటో పనిచేసే చోట తెలిసింది. ఆమెది ఒక ఆసుపత్రిలో బట్టలుతికే చోట పని. యంత్రంలోంచి వచ్చిన వేడి దుప్పట్లని ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడతపెట్టాలి. ఎదురు కొస పట్టుకున్న అమ్మాయి ఫోన్లో పాట పెట్టింది. "విన్నావా అక్కా? ఇప్పుడు ఎవరి ఫోన్లో చూసినా ఇదే!" ముందు వాయిద్యం ఏదీ లేదు. టప్, టప్ మని నీటిచుక్క. దాని మీద ఒక ఆడగొంతు: తలుపేసుకో, తలుపేసుకో, చేరగానే, చేరగానే... వెంటనే ఒక కుర్ర గొంతు ఎగిరి దూకింది, నేను తలుపు తెరిచే వచ్చేశానంటూ. తన గొంతుని ఆమె గుర్తుపట్టలేదు. గుర్తుపట్టింది కుళాయిని. రెండు చుక్కలు గబగబా, మూడోది కాస్త ఆగి. "ఆదివారం చూద్దాంలే" అంటూ భర్త ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్న కుళాయి అది. అంటే ఆ ఆడగొంతు తనది, కుర్ర గొంతు కూతురిది. చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

"ఎవరో గానీ, అచ్చం మా అమ్మలాగే బుర్ర తినేస్తోంది కదక్కా!" అని ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఫోన్లో ఎవరెవరో పిల్లలు నడుముకి గుడ్డ కట్టుకుని, వేలు ఆడిస్తూ, ఆ గొంతుకి మూతి తిప్పుతూ గంతులేస్తున్నారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే తెలిసిపోతుందని భయం.

ఇంటికొచ్చి అడిగితే తేలింది, భర్తకి ముందే తెలుసని. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నీ నసకి తాళం కట్టింది నా కూతురు! మెచ్చుకోవాల్సింది పోయి ఆ మొహమేంటి?"

"నాకెందుకు చెప్పలేదు?"

"రికార్డు చేస్తోందని చెబితే నువ్వు మామూలుగా మాట్లాడతావా? బిగుసుకుపోతావు."

కూతురు వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, ఇప్పుడు పల్లవి వచ్చేదాకా ఎవరూ ఆగరు. మొదటి చప్పుడుకే చెయ్యి ఆగాలి, లేకపోతే వేలితో పైకి తోసేసి ఇంకోటి చూస్తారు. నీ గొంతు దగ్గర ఆగిపోయారమ్మా జనం!" అంది. ఆ కళ్ళలో వెలుగు చూసి ఆమె మనసు ఒక్క క్షణం కరిగింది. ఆ ఉత్సాహంలోనే పిల్ల, పాట గురించి తనని ఎవరో అడిగిన ప్రశ్నలు, తను చెప్పిన జవాబులు ఫోన్లో వినిపించింది. "ఆ గొంతెవరిది?" అని అడిగారు. "ఎక్కడో దొరికింది. ఎవరో పాతకాలపు ఆవిడది" అంది కూతురు.

"ఎక్కడ దొరికిందే?" అని అడిగింది ఆమె.

పిల్ల తడబడింది. "అది కాదమ్మా... మా అమ్మది అంటే ఏముంది, మామూలుగా ఉంటుంది. దొరికిన గొంతు అంటే అదొక గమ్మత్తు."

వంటింట్లో చుక్క పడుతోంది. "రేపు ఆ కుళాయి బాగుచేయిస్తాను" అంది ఆమె.

భర్త ఉలిక్కిపడ్డాడు. "దాన్ని ముట్టుకోకు! రెండో పాటకి కావాలి!"

ఇన్నేళ్ళూ తను బకెట్లు మోస్తుంటే కదలని మనిషి, కుళాయి కోసం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె దానికేసి చూసింది. ఈ ఇంట్లో ఒకరికి గౌరవం దక్కింది, దక్కింది దానికి.

మర్నాడు పని నుంచి వస్తూ కొట్లో చిన్న రబ్బరు ముక్క కొంది. నీళ్ళు కట్టేసి, కుళాయి విప్పి, పాతది తీసి, కొత్తది బిగించింది. ఇంతే పని! బకెట్ బోర్లించి, మాట్లాడకుండా వంట చేసింది.

"అమ్మా, చప్పుడేదీ?" కూతురు పరుగున వచ్చింది. ఆమె బోర్లించిన బకెట్ కేసి చూపించింది. కాసేపటికి పిల్ల బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. పోవాల్సిన మనిషి పోవడం లేదు. ఆమె నోటినిండా జాగ్రత్తలే, గొంతుదాకా వచ్చి కొట్టుకుంటున్నాయి. లారీలు, ఖాళీ వీధులు, వెంటపడే కళ్ళు అన్నీ కనిపించాయి. మసిగుడ్డ తీసి మడతపెట్టసాగింది.

"ఏమీ చెప్పవా?"

"నాకు చెప్పకుండా తీసుకున్నావు. ఇకమీదట కావాలంటే అడిగి తీసుకో."

పిల్ల తలొంచుకుని వెళ్ళిపోయింది. ఆమె గిన్నెలన్నీ తోమేసి, తోమినవే మళ్ళీ తోమింది. ఫోను మోగినప్పుడు తడిచేత్తోనే అందుకుంది.

"చేరానమ్మా" అంది కూతురు.

హమ్మయ్య అనబోయి ఆగింది.

"ముందు ఇది చెప్పు," అంది, "ఆ ఎర్ర గుర్తు వెలుగుతోందా?"