చూపు మేకు

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాల చుట్టూ సుద్ద గీత దిద్దుతున్నాడు. సోమవారం గీసిన గీతే. గది ఊడ్చే మనిషి రోజూ చీపురుతో సగం చెరిపేస్తుంది, ఈయన రోజూ గొణుక్కుంటూ మళ్ళీ దిద్దుకుంటాడు. విరామంలో బల్ల దిగి మళ్ళీ ఎక్కినా పాదం వెంట్రుకవాసి తేడా లేకుండా పాత చోటే పడాలి. లేకపోతే పద్దెనిమిది మంది పిల్లల బొమ్మలు పాడైపోతాయి.

"ఎడమ మడమ కొంచెం లోపలికమ్మా. ఆఁ, చాలు. ఇవాళ్టితో ఈ భంగిమ అయిపోతుంది, మీకూ మాకూ పీడా వదిలిపోతుంది" అంటూ లేచాడు. లేచేటప్పుడు ఆయన మోకాళ్ళు రెండూ పటపటమన్నాయి.

ఆమె నవ్వలేదు. అప్పటికే గడ్డం కుడివైపుకు తిప్పేసుకుంది. ఎడమ చెయ్యి కుర్చీ వీపు మీద పెట్టేసుకుంది.

ఆమె ఉద్యోగం కదలకుండా ఉండటం. బొమ్మలు గీయడం నేర్పే ఆ బడిలో ఇరవై ఆరేళ్ళుగా ఆ పనే చేస్తోంది. నిలబడమంటే నిలబడుతుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. ఏం చేస్తావని చుట్టాలెవరైనా అడిగితే "బళ్ళో పని" అంటుంది. టీచరమ్మ కాబోలనుకుని వాళ్ళు ఇంకో మెట్టు గౌరవంగా మాట్లాడతారు. ఈమె ఆ పొరపాటు దిద్దదు. నలభై అయిదు నిమిషాలు నిలబడితే పది నిమిషాలు విరామం. ఆ నలభై అయిదు నిమిషాల్లో తుమ్ము రాకూడదు, దురద పుట్టకూడదు, ఈగ వచ్చి ముక్కు మీద వాలితే దాని ఇష్టానికి వదిలెయ్యాలి. పిల్లలు ఆమె వెనకాల 'విగ్రహం ఆంటీ' అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి, లోలోపల కాస్త గర్వపడుతుంది కూడా.

చూపు కదలకుండా ఉండాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట ఆనించాలి. ఈ వారం ఆమె తలుపు చట్రానికి ఉన్న మేకును ఎంచుకుంది. తుప్పుపట్టిన మేకు, మనిషి ఎత్తున ఉంటుంది, ఎవరో ఎప్పుడో క్యాలెండరు తగిలించడానికి కొట్టి ఉంటారు. దాని కిందే ఆమె సంచీ, చెప్పులూ పెట్టుకునే కుర్చీ.

మాస్టారు అలారం తిప్పి బల్ల అంచున పెట్టాడు. రెండో విడత మొదలైంది. బొగ్గు పుల్లలు కాగితాల మీద గరగరలాడాయి.

ఆమె వెళ్ళిపోయింది.

ఒళ్ళు అక్కడే ఉంది, ఆమె వెళ్ళిపోయింది. మొగుడు పోయిన నాలుగో నెలలో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, మూడేళ్ళ పిల్లను పక్కింటివాళ్ళ దగ్గర వదిలి ఈ పనికి వచ్చినప్పుడు మొదటిరోజే పది నిమిషాలకు కళ్ళు తిరిగి కూలబడింది. అంతమంది చూపులు ఒంటి మీద చీమల్లా పాకాయి. అప్పట్లో అక్కడ నిలబడే తలనెరిసిన పెద్దామె ఒకావిడ టీ తాగిస్తూ చెప్పింది: "ఒంట్లో ఉండి నిలబడ్డావంటే చస్తావే పిల్లా. ఒళ్ళు ఇక్కడ పెట్టేసి నువ్వెటైనా వెళ్ళు. గంట మోగగానే వచ్చి తొడుక్కో, చొక్కా తొడుక్కున్నట్టు."

వారం రోజుల్లో ఆ విద్య పట్టుబడింది. ఆ బల్ల మీద నిలబడి ఉండగానే ఆమె అద్దింటి యజమానురాలితో ఎన్నో పోట్లాటలు పెట్టుకుంది, అన్నిట్లోనూ గెలిచింది. రెండు గదుల ఇల్లు కట్టి, కిటికీలకు పరదాలు కుట్టి, నచ్చక విప్పి మళ్ళీ కుట్టింది. ఎప్పుడూ చూడని సముద్రంలో మోకాళ్ళ దాకా దిగింది. ఎడమ మోకాలి నొప్పి మాత్రం ఎక్కడో, ఎవరిదో. పక్కింట్లో ఎవరో దగ్గుతున్నట్టు వినపడేది, అంతే.

పెద్దామె వెళ్ళడం నేర్పింది గానీ రావడం గురించి ఏమీ చెప్పలేదు. ఆ రావడంలోనే వచ్చింది చిక్కంతా. గంట మోగితే మోకాలు వంగేది, చెయ్యి చెప్పులు వెతుక్కునేది, కాళ్ళు ఇంటికి నడిచేవి, ఆమె మాత్రం ఏ సగం దూరంలోనో ఉండిపోయేది. జ్వరంతో ఒళ్ళో పడుకున్న పిల్ల తలను ఆమె చెయ్యి రాత్రంతా నిమిరింది. నిమిరినట్టు ఆమెకు జ్ఞాపకం లేదు. ఒక్కగానొక్క పిల్ల జ్వరపు వేడి ఎలా ఉండేదో చెప్పమంటే చెప్పలేదు. అది తల్చుకుంటే ఇప్పుడు కడుపు తరుక్కుపోతుంది. తరుక్కుపోయేదీ లోపలి మనిషికే, కడుపుకి కాదు.

పిల్లకు ఏడేళ్ళప్పుడు ఒక ఆట ఉండేది. అమ్మ కూర్చుని ఉంటే వెనకనించి వచ్చి, తలుపు కొట్టినట్టు వేలి కణుపులతో భుజం మీద టకటకా కొట్టేది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానే."

"లేవు. ఇంకోసారి కొడతా, ఉండు."

ఎప్పుడు కొట్టడం మానేసిందో ఆమెకు తెలియదు. మానేసిన రోజు కూడా ఆమె ఇంట్లో ఉండి ఉండదు.

ఇప్పుడు ఆ పిల్లకు ఇరవై తొమ్మిది. విరిగిన కాళ్ళవాళ్ళకీ పడిపోయిన చేతులవాళ్ళకీ వ్యాయామం చేయించి మళ్ళీ నడిపించే ఉద్యోగం. పద్దెనిమిది గంటల దూరంలో ఉన్న ఊళ్ళో పెద్ద ఆస్పత్రికి రమ్మన్నారు. ఇవాళే ప్రయాణం. ఇక ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. మొన్న ఆదివారం పెట్టె సర్దుతూ సర్దుతూ వచ్చి తల్లిని గట్టిగా వాటేసుకుని, ఒక నిమిషం ఆగి, నవ్వుతూ వదిలేసింది.

"కోటు తగిలించే స్టాండుని పట్టుకున్నట్టుందమ్మా."

వేళాకోళానికే అంది. అన్నాక నొచ్చుకుని, "నీ మోకాలు వాచింది చూసుకున్నావా? నువ్వు చూసుకోవు. దాని మానాన దాన్ని వదిలేశావు" అని మాట మార్చింది.

ఆమెకు తల తీసేసినట్టయింది. అప్పుడే నిర్ణయించుకుంది. అయిదున్నరకు బస్సు. బడి నాలుగింటికి అయిపోతుంది. తిన్నగా బస్టాండుకి వెళ్ళి పిల్లను దగ్గరకు తీసుకోవాలి. చేతులతో సహా, మోకాలి నొప్పితో సహా, మొత్తంగా వెళ్ళాలి. ఒక్క నిమిషం చాలు. మూడు రోజులుగా తలగడతో సాధన చేసింది. తలగడ ఏ ఫిర్యాదూ చెయ్యలేదు గానీ, ఈమెకే నమ్మకం కుదరలేదు.

అందుకే ఇప్పుడు ఇంకెక్కడికీ పోకుండా నేరుగా బస్టాండుకి వెళ్ళింది. అక్కడ బస్సు తలుపు తెరిచి ఉంది. పెట్టె పైకెక్కించేశారు. పిల్ల టికెట్టు పళ్ళతో పట్టుకుని జుట్టు ముడేసుకుంటోంది, చిన్నప్పట్నించీ అదే అలవాటు. ఆమె దగ్గరకు వెళ్ళి రెండు చేతులూ చాచింది. పిల్ల భుజం ఎముక అరచేతికి తగిలింది. సబ్బు వాసన వచ్చింది. చేతిసంచీ పట్టీ ఇద్దరి మధ్యా నలిగి పక్కటెముకకు గుచ్చుకుంది, ఆ గుచ్చుకోవడం కూడా ఎంత బాగుందో. "ఇప్పుడున్నావమ్మా" అంది పిల్ల. ఇన్నేళ్ళకు కుదిరింది! ఒకసారి చూసుకుంటే సరిపోదని మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టింది. బస్సు, టికెట్టు, జుట్టు ముడి, భుజం ఎముక. అలా ఎన్నిసార్లు కౌగిలించుకుందో లెక్కలేదు.

అలారం మోగింది.

ఎడమ కాలు తొడ దాకా తిమ్మిరెక్కి ఉంది. మాస్టారు చెయ్యందిస్తే బల్ల మెట్టు మీద కూర్చుంది. పిల్లలు వేళ్ళు విరుచుకుంటూ లేచారు. వాళ్ళ బొమ్మల వంక ఆమె ఎప్పుడూ చూడదు. అందులో ఉన్నది ఎవరో తెలియనివాళ్ళని ఆమె ఉద్దేశం.

రోజూ ఆలస్యంగా వచ్చి ఎప్పుడూ ఆమె వీపు వైపే చోటు దొరికించుకునే కళ్ళజోడు అమ్మాయి బోర్డు చంకన పెట్టుకుని వచ్చింది.

"ఆంటీ, ఏమనుకోకండి. మీ వీపు అయిపోయింది, ఊరికే ఉండలేక ఆవిణ్ణి కూడా గీసేశాను. ఎవరు ఆవిడ? మీలాగే కదలకుండా నిలబడ్డారు, పాపం, ఎంతసేపో!"

"ఏ ఆవిడ?"

"అదేంటి ఆంటీ? మీరు ఆవిడ వైపే చూస్తూ ఉన్నారుగా!"

కాగితంలో ముందు ఒక వీపు ఉంది. ఎడమ భుజం కాస్త పైకి లేచిన వీపు. దానికి అవతల తలుపు చట్రం, చట్రంలో ఒక మనిషి. భుజాన ప్రయాణపు సంచీ. ఆ మనిషి ఎడమ భుజం కూడా కాస్త పైకి లేచి ఉంది. కుడి చెయ్యి సగం ఎత్తి ఉంది, పిలవాలో వద్దో తేల్చుకోలేనట్టు. తల పక్కనే చిన్న నల్లటి చుక్క. మేకు.

ఆమె గోడ పట్టుకుని, తిమ్మిరెక్కిన కాలు ఈడ్చుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళింది. వరండా ఖాళీగా ఉంది. కుర్చీలో ఆమె సంచీ మీద పసుపు రంగు తువాలు చుట్టిన మూట ఒకటి ఉంది. అది పిల్ల తువాలే. అది అలాగే ఉంచి ఫోను తీసింది. పిల్ల రెండుసార్లు చేసింది. కింద మెసేజీ: 'అయిదున్నర బస్సు రద్దు చేశారు. పదకొండున్నరకి ఇంకోదాంట్లో వేశారు. బడికే వస్తున్నా.'

గోడ గడియారం పదకొండూ ముప్ఫై నాలుగు చూపిస్తోంది.

మూడో రింగుకి పిల్ల ఎత్తింది. వెనక ఇంజను చప్పుడు.

"ఆఁ, అమ్మా! ఇప్పుడే కదిలింది. మధ్యలో పిలిస్తే నీ మాస్టారు కేకలేస్తారని పిలవలేదు. ఎలాగూ చూశావుగా. చెయ్యి కూడా ఊపాను."

చూశానని చెప్పేస్తే అయిపోయేది. చూసి, పని చెడకూడదని కదల్లేదని. పిల్ల నమ్మేది, నమ్మి మర్యాదగా బాధపడేది. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది.

"చూడలేదమ్మా" అంది ఆమె.

"నా వైపే చూస్తున్నావు కదా!"

"కళ్ళు చూశాయేమో. నేను చూడలేదు. నేనక్కడ లేను."

పిల్ల నెమ్మదిగా అడిగింది.

"మరెక్కడున్నావు?"

"బస్టాండులో. నీ దగ్గరే. నిన్ను పట్టుకుని..."

పిల్ల నవ్వబోయింది. నవ్వు సగంలో మరోలా అయిపోయింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించింది.

"నేనక్కడికొస్తే నువ్విక్కడికొచ్చావన్నమాట. ఏం మనుషులమే అమ్మా మనం!" అంది. కాసేపటికి, "అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను" అంది ఆమె. ఉంది కూడా. తిమ్మిరి దిగుతూ ఎడమ కాల్లో వెయ్యి సూదులు గుచ్చుకుంటున్నాయి, అన్నీ తనకే గుచ్చుకుంటున్నాయి. కానీ బస్సు వంతెన దాటుతున్నట్టుంది, మాట ముక్కలైంది. 'మోకాలికి', 'ఇరవై నిమిషాలు', 'మర్చిపోకు' అని విడివిడిగా మూడు వినపడి లైను తెగిపోయింది.

అప్పుడు తువాలు విప్పింది. లోపల వేడినీళ్ళ రబ్బరు సంచీ. ఎక్కడ కాయించి నింపిందో, ఎవరిని బతిమాలిందో. బస్సుకి అరగంట టైము పెట్టుకుని ఆ పని చేసింది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. పిల్ల భుజానికి ఈ వేడే ఉండి ఉంటుందా? పోల్చి చూసుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

"అమ్మా, టైమయింది" అన్నాడు మాస్టారు. ఆమె మొహం చూసి, "పోనీ కాసేపాగుదామా?" అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

"వద్దండీ. ఇవాళ్టితో అయిపోవాలన్నారుగా."

సంచీని మళ్ళీ తువాల్లో చుట్టి కుర్చీలో పెట్టింది. బల్లెక్కి పాదాలు సుద్ద గీతల్లో ఉంచింది. కుడిది సరిగ్గా పట్టింది. ఎడమది వాచిపోయి గీత దాటింది. అలారం తిరిగింది. అలవాటుకొద్దీ వెళ్ళిపోదామని చూసింది, బస్టాండులో ఎవరూ లేరు. మళ్ళీ ప్రయత్నించింది. వెళ్ళడానికి ఇంకెక్కడా చోటు కనపడలేదు.

దాంతో ఉండిపోయింది. మోకాలు నొప్పెట్టింది. ఎన్నాళ్ళ నొప్పి అది! ఇన్నేళ్ళూ ఒంటరిగా పడి ఉన్న ముసలి చుట్టం ఇప్పుడు పేరు పెట్టి పిలిచినట్టు నొప్పెట్టింది. నడుము లాగింది. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారింది, భుజం కదిలింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి విగ్రహం ఆంటీ భంగిమ చెడగొట్టింది. బొగ్గు పుల్లలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏం చూస్తున్నారు, గీయండి" అన్నాడు మాస్టారు మెల్లగా.

ఆమె మేకు వైపు చూడటం మానేసింది. దానికింద కుర్చీలో, పసుపు తువాల్లో, వేడినీళ్ళ సంచీ చల్లారిపోతూ ఉంది.