ఇస్త్రీ చేసిన తాళంచెవి

ఇంట్లో నా కోడలు భయపడేది నా ఒక్కదానికేనని మా ఆయన అంటూ ఉంటారు. అది వట్టి మాట. ఆ పిల్ల నాకూ భయపడదు. భయపడేదే అయితే నా కటింగ్ బల్ల మీద, అదీ నేను పనిలో ఉండగా, దుకాణాల్లో బిల్లులు కొట్టే ప్రింటరు తెచ్చి పెట్టేదా?

ముందు ఆ బల్ల సంగతి చెప్పాలి. మా ఇంట్లో వీధి వైపు గది నాది. గోడ పొడుగునా బల్ల, కిటికీ పక్కన కుట్టు మిషను, మూలన ఇస్త్రీపెట్టె, తలుపు వెనక మేకులకు నమూనా కాగితాలు. చొక్కా ముందు భాగం, వీపు, చేతులు, కాలరు అన్నీ కాగితం మీద గీసి కత్తిరించుకుంటాను. వాటిని బట్ట మీద పరిచి చుట్టూ సుద్దతో గీస్తాను. చుట్టలు చుట్టుకుపోయిన కాగితంతో గీస్తే కొలత తప్పుతుంది. అందుకని ముందు కాగితాలకు ఇస్త్రీ చేస్తాను, పైన పలచటి గుడ్డ కప్పి. కాగితానికి ఇస్త్రీ ఏమిటని నవ్వేవాళ్ళను నవ్వుకోనివ్వండి. నేను కుట్టిన చొక్కా తొడుక్కున్నాక ఎవరూ నవ్వలేదు.

ఇక కోడలి ఉద్యోగం. ఇళ్ళల్లో దెబ్బలు తిని, పిల్లల్ని వెంటబెట్టుకునో, పెట్టుకోలేకో బయటపడ్డ ఆడవాళ్ళకు నీడనిచ్చే చోట పనిచేస్తుంది. ఆ చోటు ఏ వీధిలో ఉందో నాకు తెలీదు, మా అబ్బాయికీ తెలీదు. అడిగితే నవ్వి, టీ పెట్టమంటారా అత్తయ్యా అంటుంది. ఆ ఆడవాళ్ళ వివరాలు, డాక్టర్లు రాసిచ్చినవి, గాయాల ఫోటోలు, అన్నీ కంప్యూటర్లో తాళం వేసి ఉంచుతారట. ఆ తాళం చూసుకోవడమే ఈ పిల్ల పని.

వాళ్ళకు బట్టలు నేను కుడతాను. కోడలు కొలతలు తెస్తుంది. పేర్లు ఉండవు కాబట్టి నేనే పెట్టుకున్నాను: పొడుగు చేతులావిడ, సన్న నడుమావిడ, వాలు భుజం అమ్మాయి. ఈ చివరి అమ్మాయికి కుట్టిన చొక్కా ఎడమ భుజం జారిపోతోందని తిరిగొచ్చింది. సరిచేసి పంపితే మళ్ళీ వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు భుజాలకూ విడివిడిగా కొలతలు తెప్పించుకుని చూశాను. చూసి టేపు పక్కన పెట్టేశాను. అది పుట్టుకతో వచ్చిన వాలు కాదు. ఎముక విరిగి, ఎవరూ కట్టు కట్టించక, వంకరగా అతుక్కున్న భుజం. చొక్కా లోపల ఆ వైపు చిన్న మెత్త పెట్టి కుట్టి పంపాను. ఈసారి తిరిగి రాలేదు.

ప్రింటరు తెచ్చిన రోజుకు ముందు వారం ఎవరో వాళ్ళ కంప్యూటర్లలోకి చొరబడాలని చూశారట. కోడలు అన్నిటికీ కొత్త తాళం వేసింది. కొత్త తాళంచెవి ఏ యంత్రంలోనూ ఉండకూడదని, కాగితం మీదే ఉండాలని నిర్ణయించారు. ఆఫీసులో చేస్తే ఎవరి కంట పడుతుందోనని ఇంటికి తెచ్చుకుంది. పెద్ద ప్రింటర్లు అచ్చువేసిన వాటిని లోపల దాచుకుంటాయట. ఈ బిల్లుల ప్రింటరు మాత్రం కొట్టింది కొట్టినట్టే మరిచిపోతుందట. అలాంటి మనిషి మా ఇంట్లో ఒకరున్నారులే అన్నాను. మా ఆయన పేపరు మరో పేజీ తిప్పారు.

కోడలు కర్టెన్లు లాగి, ఇంటర్నెట్ తీసేసి, ఏదో నొక్కింది. ప్రింటరు కిర్రుమంటూ ఒక కాగితాన్ని బయటికి తోసింది. దుకాణాల్లో డబ్బులు కట్టడానికి పెడతారే, అలాంటి నల్ల గళ్ళ బొమ్మే, కాకపోతే ఇంకా పెద్దది, ఇంకా చిన్న చిన్న గళ్ళు. ఇది దొంగ చేతిలో పడితే ఏం గతి అని అడిగాను. ఏమీ కాదంది. కాగితం మీద ఉన్న తాళంచెవికి కూడా ఒక తాళం ఉందట. కొన్ని మాటలు వరసగా చెబితేనే అది తెరుచుకుంటుందట. ఆ మాటలు ఎక్కడా రాసి లేవు, ఆమె తలలోనే ఉన్నాయి. నీకు జ్వరమొచ్చి మతి తప్పితే ఎవరికి తెలుస్తాయి అన్నాను. కోడలు ప్రింటరు వైపు తిరిగి కాగితం సర్దుకుంది. మా ఆయన మాత్రం పేపరు వెనక నుంచి, నా నోట్లో నువ్వుగింజ నానదని, నాకు చెప్పకుండా ఉండడమే మేలని అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నిజమే కావచ్చు, కోడలి ముందు అనాలా?

అదే బొమ్మ మూడు కాగితాల మీద కొట్టింది. మూడింటినీ కెమెరాకు చూపించి, తాళం తెరుచుకుంటోందని పరీక్షించుకుంది. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఉన్న దాన్ని పూర్తిగా చెరిపేసింది. ఒక కాగితం మా ఇంట్లో, ఒకటి వాళ్ళ పెద్దమేడం దగ్గర, ఒకటి లాయరు దగ్గర ఉంటాయట. మూడూ ఒక్కచోట ఉండకూడదని నియమం. సాయంత్రానికి ఎక్కడివి అక్కడికి వెళ్ళిపోతాయి. వాటికి తడి తగలని కవర్లు కావాలని వీధి చివరి దుకాణానికి బయల్దేరింది. గాలికి ఎగిరిపోతాయేమో కాస్త చూస్తూ ఉండమని నాకు అప్పగించి వెళ్ళింది.

చూస్తూ ఉన్నాను. ఊరికే చూస్తూ ఉండడం నాకు చేతకాదు. ఆ కాగితాలు రోలు నుంచి వచ్చినవి, పరిస్తే ముడుచుకుంటాయి, అరచేత్తో అదిమితే మళ్ళీ లేస్తాయి. పాపం పొద్దుట్నుంచీ కష్టపడింది, కవర్లలో చక్కగా ఇమిడేలా చేసిపెడదామనుకున్నాను. మూడింటినీ పక్కపక్కన ఆనించి పెట్టి, పైన గుడ్డ కప్పి, మధ్య దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించి గట్టిగా అదిమాను. ప్రేమతోనే అదిమాను.

గుడ్డ తీసి చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మధ్య కాగితం మొత్తం నల్లగా ఉంది, బొగ్గు పూసినట్టు. ఎడమదానికి కుడి సగం, కుడిదానికి ఎడమ సగం నల్లబడ్డాయి. వేడి తగిలితే నల్లబడే కాగితం అది. వేడితోనే అచ్చు వేస్తుంది ఆ ప్రింటరు. ఆ సంగతి నాకెలా తెలుస్తుంది?

ఉన్నమాట చెప్పాలి. ఆ క్షణంలో బుద్ధి పాడు దారి పట్టింది. గాలికి ఎగిరిపోయాయని చెప్పొచ్చు. కిటికీ తీసే ఉంది. ఆయన సాక్ష్యానికి కూడా పనికిరారు, పేపరు ముఖం మీద వేసుకుని నిద్రపోతున్నారు. ఇలా ఆలోచిస్తూనే చెప్పులు వేసుకుని మెట్లు దిగాను, మెడలో టేపుతో సహా. కోడలు కవర్లు పట్టుకుని కింది మెట్టు ఎక్కుతోంది.

"అమ్మాయ్, నీ కాగితాలు తగలబెట్టేశాను" అన్నాను.

ఏమైందో మొత్తం చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, గొడవపడి తేలికపడేదాన్ని. ఆ పిల్ల మెట్టు మీద కూలబడింది. మూడూ ఒక్కచోట ఉన్నది ఈ ఒక్క గంటే అని నెమ్మదిగా అంది.

"సోమవారం కోర్టులో వాయిదా ఉంది అత్తయ్యా. చొక్కా రెండుసార్లు తిరిగొచ్చిందే, ఆవిడది. ఆవిడ కూతురు తండ్రి దగ్గర ఉండిపోయింది. కూతుర్ని తనకిప్పించమని అడుగుతోంది. ఎక్స్‌రే, డాక్టరు రాసింది, ఫోటోలు, అన్నీ ఆ తాళం వెనకే ఉన్నాయి. ఆసుపత్రిలో అడిగితే పాతవి తీసేశామన్నారు."

నాకు గుండెల్లో రాయి పడింది. వాలు భుజం అమ్మాయికి ఒక పిల్ల ఉందని అప్పటిదాకా తెలీదు. ఒక తల్లికి బిడ్డ దక్కే దారి నేను ఇస్త్రీపెట్టెతో అదిమేశాను. లేవమ్మా, పైకి పద, చూద్దాం అన్నాను. ఏం చూస్తామో నాకే తెలీదు.

కోడలు కుడి కాగితం కెమెరాకు పెట్టింది. లాభం లేదు. ఎడమది పెట్టింది. అదీ లేదు. ఈ బొమ్మలో కొంత భాగం పోయినా తట్టుకుంటుందట, పావు వంతు దాకా ఫర్వాలేదట. ఇక్కడ సగం పోయింది. మధ్యదాని సంగతి చెప్పేదేముంది.

పక్కపక్కన ఉన్న ఆ రెంటినీ చూస్తూ నిలబడ్డాను. దీనికి పోయినది దానికి ఉంది, దానికి పోయినది దీనికి ఉంది. గుడ్డ చాలనప్పుడు మేం చేసే పనే. అతుకు వేస్తే అని నేను నోరు తెరిచేలోపే కోడలు కూడా ఆ మాటే అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఒక్క వరస అటూ ఇటూ అయినా చదవదని హెచ్చరించింది. గళ్ళ చొక్కా జేబు అతికించడం కూడా అంతే, గడికి గడి కలవకపోతే దూరం నుంచి కూడా కనిపిస్తుంది. కాకపోతే గుడ్డ తప్పు కోస్తే ఇంకో ముక్క ఉంటుంది. ఇక్కడ లేదు. ఎక్కడ కోయాలో కోడలు భూతద్దం పెట్టి వరసలు చూసి చెప్పింది, నేను కత్తెర పట్టాను. వెలుతురు కోసం దీపం దగ్గరికి జరిపితే, వేడి అత్తయ్యా అని దూరంగా లాగేసింది. ఇస్త్రీపెట్టెను అప్పటికే వంటింట్లో పెట్టి తలుపు వేసింది.

కోశాను. రెండు ముక్కల్నీ గడికి గడి కలిపి, వెనక నుంచి అంటుకునే టేపు వేశాను. కెమెరాకు పెడితే చదవలేదు. వెలుగుకు పట్టి చూస్తే కింది వైపు వెంట్రుకంత ఎడం ఉంది. టేపు ఊడదీస్తే కాగితం చిరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టి, అంచు నుంచి కొద్దికొద్దిగా లేపి, జరిపి, మళ్ళీ అదిమాను. ఈసారి వేలితో.

కంప్యూటరు చిన్నగా కూసింది. మాటలు అడుగుతోంది అంది కోడలు. నేను వెంటనే గోడ వైపు తిరిగాను. కుట్టు మిషను టకటకమన్నట్టు కీబోర్డు మీద చాలాసేపు కొట్టింది. తర్వాత ఏడుపు వినిపించింది, అది సంతోషమో కాదో తెలీక నేను గోడకే నిలబడి ఉన్నాను.

"తెరుచుకుంది. ఇటు తిరగండి" అంది.

తిరిగాను. స్క్రీన్ అప్పటికే మూసేసింది. ఆ పిల్ల పద్ధతి అది, ఏడుస్తూ కూడా మూసేస్తుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు తుడుచుకుని, ఒక సంగతి చెప్పింది. ఆ మాటలు తనతో పాటు ఇంకొక మనిషికి తెలిసి ఉండాలట. నమ్మకమైన వాళ్ళను ఒకరిని ఎంచుకోమని పెద్దమేడం ఎన్నాళ్ళుగానో అడుగుతోందట. ఎవరిని పెట్టుకోవాలో తేల్చుకోలేక వాయిదా వేస్తూ వచ్చిందట.

"మీరు ఉంటారా అత్తయ్యా?"

"నేనా? ఇప్పుడే కదే తగలబెట్టాను."

"తగలబెట్టి, నేను ఇల్లు చేరకముందే ఎదురొచ్చి చెప్పారు. నాకు అలాంటి మనిషే కావాలి."

నాకు నోట మాట రాలేదు. అలా జరగడం అరుదని మా ఆయన్ని అడిగినా చెబుతారు. కోడలు కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా చెవిలో ఆ మాటలు చెప్పింది. నేను తిరిగి చెప్పాను, తప్పు పోయింది, మళ్ళీ చెప్పాను. ఆ సాయంత్రం కాజాలు కుడుతూ, అంట్లు కడుగుతూ, పెదవి కదపకుండా వల్లె వేసుకున్నాను. ఏమిటి గొణుగుతున్నావని ఆయన చుట్టూ తిరిగారు. మా ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు నేను చెప్పనిది అదొక్కటే. పాపం కాసేపు అలిగారు కూడా.

కొత్తగా మూడు కాగితాలు కొట్టి, చుట్టలు చుట్టలుగానే కవర్లలో పెట్టి, ఎక్కడివక్కడికి పంపించింది.

సోమవారం పెందలాడే వెళ్ళి, చీకటి పడే వేళకు వచ్చింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, పడుకుంది. కోర్టులో ఏమైందో చెప్పకూడదు, అడగకూడదు. ముఖం చూసి పసిగడదామంటే ఆ ముఖం బీరువా తలుపు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అడగాలని నాలుక దురద పెట్టేది. మిషను తొక్కుతూ దారాలు తెంపుకున్నాను, ఒక చొక్కాకు రెండు చేతులూ కుడి వైపువే కుట్టాను. ఆ తల్లికి బిడ్డ దక్కి ఉండదు, దక్కితే ఈ పాటికి కోడలు ఒక్క నవ్వైనా నవ్వేదని మనసులో తీర్మానం చేసుకున్నాను.

ఒక పొద్దున సుద్దతో గీస్తుంటే వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"అత్తయ్యా, మీరు చిన్నపిల్లల గౌన్లు కుడతారా?"

నా చెయ్యి ఆగిపోయింది. ఎంత పిల్ల అన్నాను.

"వయసు చెప్పకూడదు."

"పోనీ, ఎత్తు చూపించు."

బల్ల అంచుకు చెయ్యి ఆనించి, ఆలోచించి, కొంచెం కిందికి దించింది. అంత పిల్ల. నాకు కళ్ళు నిండిపోయి సుద్దగీత కనిపించలేదు. అడగకూడనిది ఏదీ అడగలేదు. జేబులు పెట్టనా అంటే రెండు పెట్టమంది. అలమారలోంచి పసుపుపచ్చ గుడ్డ తీసి, దులిపి పరిచాను. కోడలు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"కింద అంచు మడతలో గుడ్డ ఎక్కువ వదలండి అత్తయ్యా. పెరిగే పిల్ల. ఇక వాళ్ళమ్మ దగ్గరే ఉంటుంది."

నేను బెత్తెడు వదిలాను.