కట్టరు ఎత్తు

"మోకాళ్ళు అరిగిపోయినాయని డాక్టరు కాడ అంత గోల సేసి, మల్లీ ఆ బల్ల కిందకి దూరితే ఏటనుకోవాల?" అంది జ్ఞానరత్నం.

"నువ్వు దూరితే పలక పాడౌతాది," అన్నాడు లూకా, బల్ల కిందినుంచే.

పొద్దుటినుంచి ఇదే మాట. తాల్‌బగీచా పేటలోని ఇంటి వసారాలో, మొన్నటిదాకా అన్నాలు తిన్న బల్లకి నడిమధ్యన కన్నం కోసి, కలకత్తానుంచి తెచ్చుకున్న, కర్రకి గాళ్ళు తీసే రౌటర్ మిషన్ను దానికింద తలకిందులుగా బిగించాడు లూకా. కన్నంలోంచి కట్టరు పైకి పొడుచుకుని ఉంటుంది. పలకను దానిమీదుగా తోస్తే గాడి పడుతుంది. కట్టరు ఎంత లేస్తే గాడి అంత లోతు. ఆ ఎత్తు మార్చాలంటే మాత్రం బల్ల కింద మోకరించక తప్పదు.

రైల్వే వర్క్‌షాపులో ముప్ఫైరెండేళ్ళు రైలుపెట్టెల వడ్రంగం చేసి రిటైరైన మనిషి. చర్చివాళ్ళు ఆరు బెంచీలు చేసిమ్మన్నారు. వీపు ఆనించే పలకలు ఇమడడానికి గాళ్ళు తీస్తూ అప్పుడే రెండు టేకు పలకలు చెడగొట్టాడు. మిగిలిన కర్ర ఆరింటికీ సరిగ్గా సరిపోతుంది. ఇంకొకటి చెడితే పని ఝపటాపూర్ వడ్రంగి మిస్త్రీకి ఇచ్చేస్తామని పాస్టరుగారు మెత్తగానే చెప్పి వెళ్ళారు. ఆ మాట విన్నాక లూకా రెండు పూటలు సరిగ్గా తినలేదు.

లూకా నట్టు బిగించి, స్టూలు పట్టుకుని లేచాడు. పనికిరాని ముక్కమీద గాడి తీసి చూస్తే ఈసారి లోతు తక్కువ.

"మిషనే దొంగది," అన్నాడు.

"నా కొడుకు పనికి వంక పెట్టకే," అంది ముసలి ఎస్తేరమ్మ మంచంమీద వెల్లుల్లి ఒలుస్తూ, కోడలి చూపు పసిగట్టి.

"నానెక్కడ పెట్టినానత్తా? గాడే పెడతంది."

కూతురు సూసన్న మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

జ్ఞానరత్నం మూడు రోజులుగా చూస్తూనే ఉంది. వర్క్‌షాపులో మిషన్లు నిటారుగా ఉండేవి. ఇది తలకిందులుగా వేలాడుతోంది గనక ఎత్తడం, దించడం తారుమారు. ఆయన చెయ్యేమో పాత అలవాటుకే తిరుగుతుంది. తప్పు తెలుసుకుని వెనక్కి తిప్పేసరికి లెక్క పోతుంది. నట్టు వదులు చేసినప్పుడల్లా మోటారు తన బరువుకి తనే కాస్త జారుతుంది.

ఎవరూ కరెంటు పెట్టకుండా ఆమె ప్లగ్గు పీకి, చెంగులో ముడేసుకుంది. చర్చినుంచి నమూనాకి తెచ్చిన, వీపు పలక ఊడిన పాత బెంచీ దగ్గర కూర్చుని, పెట్టెలో దాచిన పాత రైలు అట్ట టికెట్లను నిలువునా సన్నగా కత్తిరించి దాని గాడిలో పేర్చింది. పది ముక్కలకి అంచు సమమైంది; అంటే గాడి లోతు పది అట్టలు. కట్టరుకి అటు పది, ఇటు పది పెట్టి, వాటిమీద తిన్నని బద్ద పరిచింది.

"ఏటది, పిల్లలాటా?" అన్నాడు లూకా.

"బద్ద మీద వేలెయ్యండి. కట్టరు తగిల్తే సెప్పండి," అని ఆమె బల్ల కిందకి వెళ్ళింది.

కట్టరును ముందు బాగా దించి, అక్కడినుంచి మెల్లగా పైకే తిప్పుకొచ్చింది.

"తగిలింది," అన్నాడు లూకా చివరికి.

ఆమె నట్టు బిగించింది. "ఇప్పుడో?"

"...వెంట్రుకవాసి లేచింది."

"మల్లీ సేద్దాం." మళ్ళీ దించి, మళ్ళీ పైకి తెచ్చి, ఈసారి కాస్త ముందే ఆపి, నట్టు బిగించాకే అడిగింది. "ఇప్పుడు సరిగ్గా ఆనింది," అన్నాడు లూకా. ఆ వేలు అబద్ధం చెప్పదని ఆమెకి తెలుసు.

చెంగు ముడి విప్పి ప్లగ్గు పెట్టాక, పనికిరాని ముక్కమీద గాడి సరిగ్గా వచ్చింది. తర్వాత టేకు పలక. లూకా నెమ్మదిగా తోశాడు. వీపు పలక గాడిలోకి సుతారంగా దిగి కూర్చుంది. ఆయన గోటితో అంచు గీకి చూసుకుని, రెండో పలక అందుకున్నాడు.

మధ్యాహ్నం అందరికీ అన్నం వడ్డిస్తూ జ్ఞానరత్నం గొంతు పెంచకుండానే చెప్పింది:

"రేపట్నుంచి బల్ల కింద పని నాది, పైన పని ఆయనది. ఆరు బెంచీలూ మనమే సేసిస్తాం. సాయంత్రం ఎల్లి పాస్టరుగారికి నానే సెప్పొస్తాను."