పొయ్యి ఎవరు ఆర్పారు?

మరిగే నూనె పిన్ని చేతిమీద పడినప్పుడు కంపెనీ ఆఫీసరు వంటింటి గుమ్మంలోనే ఉన్నాడు. పిన్ని అంటే మా హోటల్లో గిన్నెలు తోమే ఆవిడ. చిన్నా పెద్దా అందరికీ పిన్నే. ఆమె కేక వేయగానే వంటమాస్టరు "ఆర్పండి!" అని అరిచాడు. ఎవరి ముందున్న పొయ్యి వాళ్లం ఆర్పేసి ఆమెను కుళాయి దగ్గరకు లాక్కుపోయాం. నీళ్లకింద చర్మం ఊడి వస్తోంది. ఆఫీసరు ఆ చేతికేసి చూడలేదు. ఆరిన పొయ్యిలకు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

మాకు అప్పుడే భయం వేసింది.

మర్నాటి నుంచి కంపెనీ మనుషులు రావడం మొదలైంది. ఎవరితోనూ మాట్లాడరు. ఒకడు కుర్చీలు లెక్కపెడతాడు, ఇంకొకడు గోడలు కొలుస్తాడు. ఒక పొద్దున బయట కంపెనీ పేరున్న బోర్డుమీద నల్లగుడ్డ కప్పేసి ఉంది. "ఎవరు పోయారని?" అంటూ కౌంటరు అమ్మాయి నవ్వబోయింది. ఎవరికీ నవ్వు రాలేదు.

హోటలు ఓనరుదే గానీ పేరు కంపెనీది. ఆ పేరు వాడుకోవడానికి ఒప్పందం. ఓనరు మమ్మల్ని వంటింట్లో నిలబెట్టి చెప్పాడు.

"ఒప్పందం రద్దు చేసి హోటలు వాళ్లే తీసుకుంటారట. అమ్మకం వేళల్లో పొయ్యి ఆరితే రద్దు చేయొచ్చని అందులోనే ఉంది."

"మనిషి కాలితే?" అంది కౌంటరు అమ్మాయి.

"అది లేదమ్మా. శుభ్రం లేకపోతే రద్దు, సరుకు బయట కొంటే రద్దు, పేరు చెడితే రద్దు. మనుషుల సంగతి లేదు." ఆయన చెమట తుడుచుకున్నాడు. "ఒక్కటే దారి. ఆర్పినవాణ్ణి తీసేస్తే తప్పు దిద్దుకున్నట్టేనట. 'మాస్టరు ఆర్పాడు' అని అందరూ ఒక్కమాట చెప్పండి. మీ కడుపులు చల్లగా ఉంటాయి."

"దానంతటదే ఆరిపోయిందని చెబితే?" అన్నాను.

"గ్యాసు లోపమని నా మెడకే చుట్టుకుంటుంది."

ఆయన వెళ్లగానే మాలో మాకే రగడ మొదలైంది.

"ఒక్కడు పోతే పదిమందిమి బతుకుతాం," అన్నాడు మేమంతా బావా అని పిలిచే రొట్టెల మనిషి. "నాకు పిల్లలున్నారు."

"రేపు నీ వంతొస్తే?" అంది కౌంటరు అమ్మాయి.

"వచ్చినప్పుడు చూద్దాం!"

"మీలో మీకు గొడవెందుకు, నేనే పోతాను," అన్నాడు మాస్టరు.

పిన్ని కట్టుకట్టిన చేతితోనే లేచింది. "నోర్ముయ్‌రా! కాలింది నేను, దొంగవి నువ్వా?"

"అసలు మాస్టరు ఆర్పింది ఒక్క నూనె పొయ్యే కదా," అంది కౌంటరు అమ్మాయి. "మిగతావి?"

బావ తన పొయ్యి వైపు తిరిగాడు. "రొట్టెల పొయ్యి నేనే ఆర్పాను."

"పాల పొయ్యి నేను," అన్నాను.

"మరి 'ఆర్పాడు' అంటారేం? 'ఆర్పాం' అనండి!" అంది పిన్ని.

తమ్ముళ్లూ, చదువుకునే పిల్లలూ, వినండి. తనకు దేనికి భయమో కంపెనీ ఆ ఒప్పందంలో తన చేత్తో తనే రాసుకుంది. పొయ్యి ఆర్పే పని మా చేతుల్లోనే ఉందని మాకు అంతవరకు తెలియలేదు.

మర్నాడు ఆఫీసరు, మేం అడ్డం తిరిగితే గెంటించడానికి పోలీసులతో వచ్చాడు. "ఎవరు ఆర్పారు?"

"ఆర్పాం." అందరికంటే ముందు అన్నది బావే.

"పేరు చెప్పు."

"ఆర్పాం," అన్నాం అందరం. ఓనరు కుర్చీలో కూలబడ్డాడు.

"అయితే రద్దు. బయటికి నడవండి."

మేం వంటింటి నేలమీద కూర్చున్నాం. ఆఫీసరు ఇంకో హోటలు నుంచి పనివాళ్లను దింపాడు. వాళ్ల తలలమీదా మాలాగే కంపెనీ ఎర్రటోపీలే. "ఊఁ, వెలిగించండి," అన్నాడు. వాళ్లలో పెద్దాయన పిన్ని చెయ్యి చూసి ఆగిపోయాడు.

"గ్యాసు పాడైందని తీసుకొచ్చారమ్మా మమ్మల్ని. ఏమైంది?"

పిన్ని చెప్పింది. ఆయన టోపీ తీసేసి మా పక్కన చతికిలబడ్డాడు. వెనకున్నవాళ్లూ కూర్చున్నారు.

లాఠీలు లేచాయి. మాస్టరు నుదురు చిట్లింది. బావను జుట్టుపట్టి ఈడ్చారు. ఎవరు ఏ హోటలు వాళ్లో పోలీసులకు తెలియలేదు, మేమూ చెప్పలేదు. అందరినీ వ్యానులో కుక్కారు. కట్టు చూసి పిన్నిని వదిలేయబోయారు. ఆమె బాగున్న చేత్తో వ్యాను తలుపు పట్టుకుంది.

"కొంచెం జరగండ్రా!"

జరగడానికి చోటు లేదు. పోలీసులు ఇంకో వ్యాను పిలిపించాల్సి వచ్చింది.