ఖాళీ సీసాల అడుగున

కరెంటు పోయిందంటే ఫ్రిజ్‌లోవి అన్నీ ఫ్రీజర్‌లోకి మారాల్సిందే. కంపాలాలోని ఆ పరిశోధనశాలలో ఆరేళ్ళుగా ఇదే ఆచారం. తలుపు తెరవకపోతే ఫ్రీజర్ రోజంతా చల్లగా ఉంటుంది మరి. ఆ నియమాన్ని పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించింది టెక్నీషియన్ నకిబూక, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే.

ఆ మంగళవారం తెల్లవారుజామున పోయిన కరెంటు ఆమె వచ్చేసరికి వచ్చింది. ఫ్రిజ్ తెరిస్తే యాంటీబాడీ సీసా కనిపించలేదు. ఫ్రీజర్‌లో దొరికింది, గట్టిగా గడ్డకట్టి.

అది రంగు తగిలించిన యాంటీబాడీ. రక్తంలో ఒక రకం కణాలను వెతికి పట్టుకుని వెలిగేలా చేస్తుంది, ఆ వెలుగును చూసి యంత్రం వాటిని లెక్కపెడుతుంది. వెలుతురు తగిలితే దాని రంగు వెలిసిపోతుంది, గడ్డకడితే చచ్చిపోతుంది. కొత్తది తెప్పించాలంటే మూడు నెలలు. బయట బెంచీమీద మసాకా నుంచి బస్సులో వచ్చిన ఆరేళ్ళ నబ్బోసా తల్లి పక్కన కూర్చుని మటోకే, అదే ఉడికించిన అరటికాయ ముద్ద, తింటోంది. కొత్త మందు ప్రయోగంలో పిల్లల్ని చేర్చుకునే గడువు ఈ రోజుతో ఆఖరు. సాయంత్రంలోగా రక్తంలో ఆ కణాల లెక్క తేలకపోతే పాపకు ఇందులో చోటు లేదు, చోటు లేకపోతే మందూ లేదు.

“కగ్వా బాబాయ్! దీన్ని ఫ్రీజర్‌లో పెట్టిందెవరు?”

“నేనేనమ్మాయ్. కరెంటు పోయిందిగా,” అన్నాడు ముసలి అటెండర్.

“బుద్ధుందా నీకు? ఇరవయ్యేళ్ళు పనిచేసి నేర్చుకుంది ఇదేనా? కొంప ముంచావ్ కదయ్యా!”

గది గదంతా వింది. కగ్వా గోడవైపు చూశాడు. ‘అన్నీ’ అన్న మాట కింద రెండు గీతలు గీసి మరీ ఉంది ఆమె చేతిరాత. అన్నీ అంటే అన్నీయేగా, ఆయన చేసిన నేరమేముంది పాపం!

నకిబూక ముఖం మాడిపోయింది. సీసా కరిగించి, తన రక్తంతోనే పరీక్షించి చూసింది. తెరమీద వెలుగన్నదే లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

“దీనివే పాత ఖాళీ సీసాలున్నాయిగా,” అన్నాడు కగ్వా మెల్లగా.

ఆ సీసాలు పారేయడం లేదనే ఆమె ఇన్నాళ్ళూ ఆయన్ని ఏడిపించింది. “మ్యూజియం పెడతావా బాబాయ్?” అనేది. “నూనె సీసా బోర్లించందే మా ఆవిడ పారేయనివ్వదమ్మా,” అనేవాడాయన. ఏడు సీసాలూ ఫ్రిజ్ అడుగున, రేకు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. గడువు కూడా దాటలేదు. ఖాళీవే కదా అని ఆయన పొద్దున వాటి జోలికి పోలేదు.

ఆమె వాటిని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పింది. మూతలకూ గోడలకూ అంటుకున్నదంతా అడుగుకు దిగింది. పోగుచేస్తే రెండు పరీక్షలకు సరిపడా వచ్చింది. ముందు ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంతో సరిచూడాలి.

“ఇందాక నీది తీశావుగా, ఇప్పుడు నాది తియ్యి,” అంటూ కగ్వా చొక్కా చెయ్యి మడిచాడు.

వెలిగింది! రెండో పరీక్ష నబ్బోసా రక్తానికి. నాలుగింటికల్లా లెక్క చేతికొచ్చింది, పాప పేరు జాబితాకెక్కింది.

పొద్దున అరిచిన చోటే, అందరి ముందూ నిలబడింది నకిబూక. “నోరు పారేసుకున్నాను బాబాయ్. తప్పు నాది,” అంది. కళ్ళు చెమర్చాయి. గోడమీద కాగితం చింపి కొత్తది తీసుకుంది. “ఈసారి నువ్వు చెప్పు, నేను రాస్తాను.”

“ముందు ఆ ‘అన్నీ’ తీసెయ్యి తల్లీ,” అన్నాడాయన. ఏడు సీసాలూ గుప్పిట్లో పట్టుకుని చెత్తబుట్ట వైపు నడిచాడు. “ఇప్పుడైనా పారెయ్యనా వీటిని?”

“చేతులు విరగ్గొడతా,” అంది నకిబూక.